పాత లాప్‌టాప్ తెర మార్చే ముందు

ఈ శీర్షికకు ఇటీవల చేరిన ఉత్తరాల్లో పాత లాప్‌టాప్‌ల తెర గురించి అడిగినవే ఎక్కువ. ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలు కాబట్టి వాటిని ఈసారి ఒకచోట చేర్చి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: 2007లో కొన్న థింక్‌ప్యాడ్ టి60 లాప్‌టాప్ నా దగ్గర ఉంది. తెర 14.1 అంగుళాలది. విండోస్ ఎక్స్‌పీ మీద పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్ పెట్టుకుని శుభలేఖలు, చిన్న చిన్న పుస్తకాలు ఇప్పటికీ దానిమీదే కంపోజ్ చేస్తాను. ఇన్నేళ్ల ఫైళ్లు ఏ అక్షరమూ చెదరకుండా తెరుచుకునేది అందులోనే. కొంతకాలంగా పొద్దున్నే ఆన్ చేస్తే తెర గులాబీ రంగులో మసకగా కనిపించి, కాసేపటికి తేరుకునేది. ఇప్పుడు ఉన్నట్టుండి నల్లబడిపోతోంది; మూత మూసి తెరిస్తే మళ్లీ కొద్దిసేపు వెలుగుతుంది. రిపేరు షాపులో చూపిస్తే డిస్‌ప్లే పోయిందని, ఆ ప్యానెల్ ఇప్పుడు రావడం లేదని, కొత్త లాప్‌టాప్ కొనుక్కోమని చెప్పారు. ప్యానెల్ మార్చడం నిజంగా సాధ్యం కాదా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సాధ్యమే. పైగా మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే అద్దంలో లోపం ఉన్నట్టు లేదు. దాని వెనక వెలిగే దీపానికి వయసు మీరింది.

తెర అని మనం చూసేది ఒకే వస్తువు కాదు. ముందున్న ఎల్‌సీడీ అద్దం తనంతట తాను వెలగదు. వెనకనుంచి వచ్చే వెలుతురును చుక్క చుక్క దగ్గరా ఆపడమో వదలడమో మాత్రమే చేస్తుంది. ఆ వెలుతురునిచ్చేది, మీ లాప్‌టాప్ కాలం నాటి యంత్రాల్లో దాదాపు అన్నిటిలోనూ, తెర అడుగు అంచున అడ్డంగా పడుకోబెట్టిన సన్నటి గాజు గొట్టం. సీసీఎఫ్ఎల్ అనే ఈ గొట్టం మన ఇళ్లలో వాడిన ట్యూబ్‌లైటుకు తమ్ముడి వంటిది. మందం రెండు మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. అది వెలగడానికి కావలసిన ఎక్కువ వోల్టేజీని తయారుచేసేది తెర కిందనే, మూత లోపల ఇమిడి ఉండే పొడవాటి ఇన్వర్టర్ బోర్డు. మదర్‌బోర్డునుంచి బొమ్మను మోసుకొచ్చేది మూతను అడుగు భాగానికి కలిపే హింజ్ (మడత బందు) పక్కనుంచి పైకి వెళ్లే కేబుల్. వీటిలో అద్దం, దీపం కలిపి బిగించినదే ప్యానెల్. అద్దం, దీపం, ఇన్వర్టర్, కేబుల్ అనే ఈ నాలుగింటిలో ఏది పాడైనా షాపులో వినిపించేది ఒక్కటే మాట, డిస్‌ప్లే పోయిందని. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఒక్క గొట్టం మార్చడానికి పట్టే సమయానికి వాళ్లకు గిట్టుబాటు కాదు. కానీ ఆ మాట విని యంత్రాన్ని పక్కన పడేయడం మాత్రం పెద్ద నష్టం.

మీ తెర గులాబీ రంగుకు తిరగడానికి కారణం ఆ గొట్టంలోనే ఉంది. అందులో నియాన్, ఆర్గాన్ వాయువులతోపాటు కొద్ది మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పాదరసపు ఆవిరి వెలువరించే అతినీలలోహిత కిరణాలు గాజు లోపలి పూతకు తగిలి తెల్లటి వెలుతురుగా మారతాయి. ఏళ్ల తరబడి వాడగా వాడగా ఆ పాదరసం గాజులోకి, చివరలనున్న లోహంలోకి ఇంకిపోయి ఆవిరి కావడానికి మిగలదు. అప్పుడు మిగతా వాయువుల ఎర్రటి మెరుపే పైకి తేలుతుంది. గొట్టం చల్లగా ఉన్నప్పుడు పాదరసం ఆవిరి కావడం ఇంకా తక్కువ కాబట్టి పొద్దున్న రంగు ఎక్కువగా, వేడెక్కాక తక్కువగా కనిపిస్తుంది. ముదిరిన గొట్టం వెలుగుతూ ఉండడానికి మామూలుకన్నా ఎక్కువ వోల్టేజీ కోరుతుంది. అది హద్దు దాటినప్పుడు ఇన్వర్టర్‌లోని రక్షణ ఏర్పాటు దీపాన్ని ఆపేస్తుంది. మూత మూసి తెరిచినప్పుడు ఇన్వర్టర్ మళ్లీ మొదటినుంచి ప్రయత్నిస్తుంది కనుకనే కొద్దిసేపు వెలుగు వస్తోంది. ఆ కాలపు ప్యానెళ్ల సాంకేతిక పత్రాల్లో దీపానికి 10,000 గంటల ఆయుష్షు చెప్పడం మామూలు. అదీ వెలుతురు సగానికి పడిపోయేదాకా మాత్రమే. రోజుకు ఎనిమిది గంటల చొప్పున లెక్కవేస్తే అది 1,250 రోజులు. మీ దీపం ఆ గడువును ఎన్నడో దాటి పనిచేసింది.

నా మాట మీద ఆధారపడకుండా మీరే ఇంట్లో సరిచూసుకోవచ్చు. తెర నల్లబడినప్పుడు గదిలో దీపాలు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టి చూడండి. ఆ వెలుతురు పడినంతమేర ఐకాన్లు, టాస్క్‌బారు నీడల్లా కనిపిస్తే అద్దమూ కేబులూ పనిచేస్తున్నట్టే. లోపం దీపంలోనో ఇన్వర్టర్‌లోనో ఉంది. టార్చి వేసినా ఏమీ కనిపించకపోతే వీజీఏ పోర్టుకు బయటి మానిటర్ తగిలించి, ఎఫ్‌ఎన్ మీటను ఎఫ్7తో కలిపి నొక్కండి. అక్కడ బొమ్మ వస్తే గ్రాఫిక్స్ భాగం క్షేమంగా ఉన్నట్టు. మూతను ముందుకూ వెనక్కూ కదిపినప్పుడు బొమ్మ చెదిరితే కేబుల్‌ను అనుమానించాలి. పైనుంచి కిందిదాకా ఒక రంగు గీత ఎప్పటికీ పోకుండా నిలిచిపోతే మాత్రం అద్దం అంచున ఉండే డ్రైవర్ చిప్‌ల అతుకు వదిలిందని అర్థం. అతి సన్నటి దారులను అద్దానికి వేడితో, ఒత్తిడితో అతికించిన అతుకు అది, సోల్డరింగ్‌తో బాగుపడదు. ఆ పరిస్థితిలో ప్యానెల్ మార్చక తప్పదు.

రంగు మారకుండా ఒక్కసారిగా ఆరిపోయిన తెరకైతే మొదట ఇన్వర్టర్ మార్చి చూడమంటాను, అది చవక, పని కూడా తేలిక. మీ తెరకు రంగు ముందే మారింది కాబట్టి దోషం దీపానిదే. దీపం ఒక్కటే మార్చడం అనుభవమున్న చేతులకు సాధ్యమే గాని, ప్యానెల్‌ను పొరలు పొరలుగా విప్పాలి. వెలుతురును సమంగా పరిచే పలుచటి పొరల మధ్య ఒక్క ధూళి కణం చేరినా అది ఎప్పటికీ మచ్చగా కనిపిస్తుంది. కొత్తగా ఈ పనికి పూనుకునేవారికి ప్యానెల్ మొత్తం మార్చడమే మేలు.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. ఏ ప్యానెల్ కొనాలో లాప్‌టాప్ పేరును బట్టి తేలదు. టి60 అనే ఒకే పేరుతో 14.1 అంగుళాల తెరలు, 15 అంగుళాల తెరలు వచ్చాయి, 14.1లో 1024×768 చుక్కలవీ ఉన్నాయి, 1400×1050 చుక్కలవీ ఉన్నాయి. వాటిని తయారుచేసిన కంపెనీలు కూడా వేర్వేరు. నమ్మదగినది ప్యానెల్ వీపున అంటించిన చీటీ ఒక్కటే. అందులోని మోడల్ నంబరును జాగ్రత్తగా చదివితే చాలా సంగతులు తెలుస్తాయి. ఉదాహరణకు ఎల్‌జీ ఫిలిప్స్ ప్యానెళ్ల నంబరు ఎల్‌పీ141ఎక్స్ అని మొదలైతే 141 అంటే 14.1 అంగుళాలు, ఎక్స్ అంటే 1024×768. ఏయూ ఆప్ట్రానిక్స్ వారి బీ141ఎక్స్‌జీ కూడా ఆ కొలతదే. శాంసంగ్ ఎల్‌టీఎన్141పీ4లో పీ అనే అక్షరం 1400×1050ని సూచిస్తుంది. నంబరు చివరనున్న అక్షరాలు, అంకెలు కూడా రాసుకోండి. కనెక్టర్ స్థానం, స్క్రూ రంధ్రాల వరుస వాటిని బట్టి మారవచ్చు. చీటీకి, వెనకవైపు కనెక్టర్‌కు సెల్‌ఫోన్‌తో దగ్గరనుంచి ఫొటో తీసుకుని వెళ్తే షాపులో మాట తేలిగ్గా సాగుతుంది.

దొరకదన్న మాట కొత్త ప్యానెల్‌కు వర్తిస్తుంది. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3గా ఉన్న లాప్‌టాప్ ప్యానెళ్లు కొత్తగా తయారు కావడం లేదు. దొరికేవి పాత యంత్రాలనుంచి విప్పినవి, ఎక్కడో గోదాముల్లో మిగిలిపోయినవి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చినాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు వంటి చోట్ల పాత లాప్‌టాప్ విడిభాగాల షాపుల్లో అడగండి. ఒక్కోసారి మదర్‌బోర్డు పోయిన టి60 మొత్తంగా కొనడం విడి ప్యానెల్‌కన్నా లాభం. ఇన్వర్టర్, కేబుల్, కీబోర్డు కూడా కలిసివస్తాయి. ఎలా కొన్నా, విప్పిన ప్యానెల్‌లోని దీపం కూడా మీ దీపం ఈడుదే అన్న సంగతి మరవకండి. షాపులో అప్పటికే వెలుగుతున్న తెరను చూసి తృప్తిపడవద్దు. దాన్ని ఆపించి, పూర్తిగా చల్లారాక మళ్లీ వెలిగించమనండి. మొదటి నిమిషంలో కనిపించే రంగే ఆ దీపం అసలు వయసు. తర్వాత తెర మొత్తం తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కొక్కటిగా పెట్టించి చూడండి. పనిచేయని చుక్కలు ఒక రంగులో దాక్కున్నా మరో రంగులో బయటపడతాయి.

బిగించే పని మీరే చేయదలిస్తే లెనోవో ఈ మోడల్‌కు విడుదల చేసిన హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్‌ను ముందుగా చదవండి. ఏ స్క్రూ ఎక్కడిదో, దాని పొడవెంతో బొమ్మలతో సహా అందులో ఉంది. బల్లమీద మెత్తటి గుడ్డ పరిచి, అడాప్టర్ తీసి, బ్యాటరీ బయటికి లాగి, లోపల మిగిలిన విద్యుత్తు పోయేందుకు పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచండి. ఈ మెట్టు దాటవేయరాదు. దీపం వెలిగే క్షణంలో ఇన్వర్టర్ ఇచ్చే వోల్టేజీ వెయ్యికి పైగా ఉంటుంది. వెలిగాక కూడా వందల్లోనే ఉంటుంది.

తెర చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం, అంటే బెజెల్ మీద గుండ్రటి చిన్న మూతలు కనిపిస్తాయి. వాటిని సూదిమొనతో లేపితే కింద స్క్రూలు ఉంటాయి. మూతలను ఒక కాగితం మీద, తీసిన వరుసలోనే, జిగురువైపు పైకి ఉండేలా పెట్టుకుంటే తిరిగి అంటించడం సులువు. స్క్రూలు తీశాక కూడా బెజెల్ లోపలి కొక్కేలతో పట్టుకునే ఉంటుంది. ఇనుప స్క్రూడ్రైవర్‌తో ఎత్తకుండా, పనికిరాని ప్లాస్టిక్ కార్డు దూర్చి అంచు వెంబడి నెమ్మదిగా జరుపుతూ పోతే టక్కుటక్కున విడిపోతుంది. ఇన్నేళ్ల ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది కాబట్టి తొందరపడితే కొక్కెం విరుగుతుంది. బెజెల్ తీయగానే అడుగున ఇన్వర్టర్ బోర్డు, దానికి ప్యానెల్‌నుంచి వచ్చే రెండు సన్నటి తీగల కనెక్టర్ కనిపిస్తాయి. ఆ కనెక్టర్‌ను తీగలు పట్టి లాగకుండా, ప్లాస్టిక్ తలను గోళ్లతో పట్టుకుని తీయాలి. ప్యానెల్‌ను పక్కలనున్న లోహపు పట్టీలకు బిగించిన స్క్రూలు చాలా చిన్నవి. తల అరిగిపోని మంచి స్క్రూడ్రైవర్ లేకపోతే అక్కడే పని ఆగిపోతుంది. ప్యానెల్ చుట్టూ తిరిగే సన్నటి నల్ల తీగలు వైఫై యాంటెన్నావి. అవి ఏ గాడిలో ఉన్నాయో చూసి పెట్టుకోకపోతే తిరిగి బిగించేటప్పుడు ప్యానెల్ కింద నలుగుతాయి.

ఆ తర్వాత ప్యానెల్‌ను మీవైపుకు వాల్చి కీబోర్డు మీద పరిచిన గుడ్డమీద బోర్లా పడుకోబెట్టండి. వెనకవైపు కేబుల్ కనెక్టర్ మీద పారదర్శకమైన టేపు ఉంటుంది. దాన్ని నిదానంగా ఒలిచి, కనెక్టర్‌ను ఒక పక్కకు వంచకుండా రెండు చివరలూ సమంగా జరుపుతూ బయటికి తీయాలి. కొత్త ప్యానెల్‌కు తగిలించాక అదే టేపును, జిగురు పోయి ఉంటే వేడికి తట్టుకునే కొత్త టేపును, తప్పక వేయండి. రోజూ మూత తెరిచి మూసే కుదుపులకు కనెక్టర్ జారకుండా కాపాడేది అదే. ఇన్వర్టర్ కనెక్టర్ కూడా తిరిగి తగిలించి, బ్యాటరీ పెట్టి, బెజెల్ బిగించకముందే, చేతులు దూరంగా ఉంచి ఒకసారి ఆన్ చేసి చూడండి. తెర సరిగ్గా వెలిగితే ఆపి, బ్యాటరీ మళ్లీ తీసి, మిగతా స్క్రూలు బిగించండి. పట్టీల స్క్రూలను ఒకవైపే పూర్తిగా బిగించకుండా అన్నిటినీ సగం సగం తిప్పుతూ రండి. ప్యానెల్ మెలిపడితే అంచుల్లో తెల్లటి మరకలు తేలతాయి.

ప్రశ్న: నా టి60 తెర 1024×768. అదే 14.1 అంగుళాల కొలతలో 1400×1050 ప్యానెల్ ఒకటి దొరికింది. అది పెట్టుకోవచ్చా? 15 అంగుళాల ఫ్లెక్స్‌వ్యూ తెర కూడా పెట్టవచ్చని మిత్రుడు అంటున్నాడు.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మొదటిది కుదురుతుంది, కాని ప్యానెల్ ఒక్కటే కొంటే సరిపోదు, దానితోపాటు దాని కేబుల్ కూడా అడిగి తీసుకోండి. లెక్క చూస్తే కారణం అర్థమవుతుంది. మీ ఇప్పటి తెరలో 7,86,432 చుక్కలు ఉంటే కొత్తదానిలో 14,70,000 ఉంటాయి, అంటే దాదాపు రెట్టింపు. ఆ కాలపు లాప్‌టాప్‌లు బొమ్మను ఎల్‌వీడీఎస్ అనే పద్ధతిలో, జంటలు జంటలుగా మెలివేసిన తీగల మీద పంపుతాయి. 1024×768 తెరకు చుక్కల గడియారం సెకనుకు 6.5 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారీ ఒక్కో జంట మీద ఏడు బిట్లు వెళ్తాయి కాబట్టి ఒక జంట మోసే వేగం సెకనుకు 45.5 కోట్ల బిట్లు. మూడు జంటలు బొమ్మకు, ఒక జంట గడియారానికి ఉంటే చాలు. 1400×1050కి ఆ వేగం ఒక్క వరుస తీగలకు మించిపోతుంది కాబట్టి సరి చుక్కలను ఒక వరుసలో, బేసి చుక్కలను మరో వరుసలో పంపుతారు. మీ కేబుల్‌లో ఆ రెండో వరుస తీగలు లేకపోతే తెర మీద సగం సమాచారమే చేరి, బొమ్మ చీలికలు పేలికలుగా కనిపిస్తుంది లేదా అసలు రాదు. మదర్‌బోర్డు వైపు మార్చవలసింది ఏమీ ఉండదు. ప్యానెల్‌లోని చిన్న మెమరీ చిప్‌లో తన వివరాలు 128 బైట్లలో రాసి ఉంటాయి, లాప్‌టాప్ వాటిని చదివి తనంతట తానే సర్దుకుంటుంది.

పెట్టుకునే ముందు ఒక్కటి ఆలోచించండి. అదే పొడవులో చుక్కలు పెరిగితే అక్షరాలు చిన్నవవుతాయి. మీ తెరలో అంగుళానికి 91 చుక్కలుంటే కొత్తదానిలో 124 ఉంటాయి. విండోస్ ఎక్స్‌పీలో అక్షరాలను పెద్దవి చేసే ఏర్పాటు ఉన్నా అన్ని ప్రోగ్రాములూ దాన్ని పాటించవు. తెలుగు ఒత్తులు, గుణింతాలు పెద్ద తెరమీద స్పష్టంగా కనిపించడం ఎంత సుఖమో, అవే కుంచించుకుపోతే కళ్లకు అంత కష్టం. రోజంతా కంపోజింగ్ చేసేవారికి ఈ మార్పు నేను చెప్పను. ఫొటోలు, పట్టికలు చూసేవారికి బాగుంటుంది.

15 అంగుళాల ఫ్లెక్స్‌వ్యూ విషయంలో మీ మిత్రుడు చెప్పినది మీ యంత్రానికి వర్తించదు. అది ఐపీఎస్ తరహా తెర. ఏ పక్కనుంచి చూసినా రంగు మారదు, ఇప్పటికీ ప్రియంగా వెతుక్కునేవారు ఉన్నారు. 1600×1200 చుక్కలతో బీఓఈ హైడిస్ తయారుచేసిన హెచ్‌వీ150యూఎక్స్2-100 వాటిలో పేరున్న ప్యానెల్. అయితే 15 అంగుళాల టి60 శరీరమే వేరు. మూత, హింజ్‌లు, అడుగు పెట్టె అన్నీ కొలతలో పెద్దవి. ప్యానెల్ కోసం అంతా మార్చేకన్నా 15 అంగుళాల యంత్రాన్నే వెతకడం మంచిది.

ప్రశ్న: ఇప్పటి 14 అంగుళాల లాప్‌టాప్ ఎల్ఈడీ ప్యానెల్‌ను పాత లాప్‌టాప్‌కు వేయవచ్చా? సన్నగా, వెలుగుగా ఉంటుంది కదా.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వేయలేరు, రెండు కారణాల వల్ల. మొదటిది ఆకారం. పాత 14.1 అంగుళాల 4:3 తెర వెడల్పు సుమారు 286 మిల్లీమీటర్లు, ఎత్తు సుమారు 214. ఇప్పటి 14 అంగుళాల 16:9 తెర వెడల్పు సుమారు 310, ఎత్తు 174. అంగుళాలు మూలనుంచి మూలకు కొలిచేవి కాబట్టి అంకె ఒకటే అయినా మూతలో పట్టదు. రెండోది బొమ్మ పంపే పద్ధతి. ఎల్‌వీడీఎస్ స్థానంలో ఈడీపీ అనే కొత్త పద్ధతి వచ్చింది. 2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ, మరికొన్ని పెద్ద సంస్థలు కలిసి ఎల్‌వీడీఎస్‌ను 2013 నాటికి విరమిస్తామని ప్రకటించాయి. ఈ రెండు పద్ధతుల సంకేతాలు పూర్తిగా వేరు. కనెక్టర్‌లో పిన్నుల సంఖ్య కలిసినంతమాత్రాన తగిలించి చూడవద్దు. విద్యుత్తు వచ్చే పిన్ను సంకేతపు పిన్నుకు తగిలితే ప్యానెల్‌తోపాటు మదర్‌బోర్డు కూడా పోవచ్చు.

పాత అద్దాన్నే ఉంచి గొట్టం స్థానంలో ఎల్ఈడీ పట్టీ పెట్టడం మాత్రం చేసేవారున్నారు. ఇన్వర్టర్ తీసేసి, దానికి వచ్చే విద్యుత్తు, ఆన్ సంకేతం, వెలుతురు తగ్గించే సంకేతం, ఈ మూడింటినీ ఎల్ఈడీ డ్రైవర్ బోర్డుకు కలపాలి. చాలా లాప్‌టాప్‌లలో ఇన్వర్టర్‌కు వచ్చే వోల్టేజీ స్థిరంగా ఉండదు. బ్యాటరీ మీద పది, పదకొండు వోల్టులుంటే అడాప్టర్ పెట్టినప్పుడు దాని పూర్తి వోల్టేజీ వస్తుంది, టి60లో అది 20 వోల్టులు. 12 వోల్టులకే పనికివచ్చే డ్రైవర్ బోర్డు వేస్తే మొదటిసారి అడాప్టర్ పెట్టగానే కాలిపోతుంది. పట్టీ వెడల్పు గొట్టం కూర్చునే గాడికి సరిపోవాలి. కాస్త పక్కకు జరిగినా తెర అడుగున వెలుగు మచ్చలు వరుసగా కనిపిస్తాయి. మంచి పాత దీపం దొరికినంతకాలం ఈ మార్పుకు పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. దొరకని రోజున మాత్రం యంత్రాన్ని బతికించే దారి ఇదే.

ప్రశ్న: 1990ల నాటి నలుపు తెలుపు తెర లాప్‌టాప్ మా నాన్నగారిది, బీరువాలో భద్రంగా ఉంచాం. తీసి చూస్తే తెర మీద నల్లటి మరకలు, బుడగలు ఉన్నాయి, వెనిగర్ వాసన వస్తోంది. ఎవరూ ఏదీ ఒలకబోయలేదు. దీనికి ప్యానెల్ మార్చాలా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ వాసన తెరనుంచే వస్తోంది. ఎల్‌సీడీ అద్దానికి ముందూ వెనకా పోలరైజర్ అనే పలుచటి పొరలు అంటించి ఉంటాయి. వాటిలో అయోడిన్ పట్టించిన పొరకు రెండువైపులా కాపుగా ట్రైఅసిటేట్ సెల్యులోజ్ వేస్తారు. పాత సినిమా రీళ్లకు వాడిన పదార్థమే అది. వేడి, తేమ కలిస్తే అది నెమ్మదిగా విరిగి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లోని పులుపు, బయటికి వస్తుంది. ఆ ఆమ్లమే మిగిలిన పొరను ఇంకా త్వరగా విరగగొడుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్లో, గాలి ఆడని బీరువాలో, మూత మూసి ఉంచిన యంత్రానికి ఇది రావడంలో ఆశ్చర్యం లేదు. ముందు దాన్ని ఆ బీరువానుంచి తీసి, మూత తెరిచి, గాలి ఆడే పొడి చోట పెట్టండి. మీ దగ్గర అలాంటివి మరేవైనా ఉంటే వాటికి దూరంగా ఉంచండి.

అదే తెర ఇప్పుడు దొరికినా దాని పోలరైజర్ కూడా ఆ వయసుదే కాబట్టి మార్చినంతమాత్రాన నిశ్చింత లేదు. చాలా సందర్భాల్లో అద్దం బాగానే ఉండి పొర మాత్రమే చెడుతుంది. అలాంటప్పుడు పాత పొరను ఒక మూలనుంచి అద్దానికి దాదాపు ఆనుకునేంత వంపులో, నిలువుగా పైకి లాగకుండా ఒలిచి, మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఓపికగా తుడిచి, కొత్త పోలరైజర్ అంటించవచ్చు. కోణం సరిపోవాలి. అంటించకముందే తెరను వెలిగించి, పొరను పైన ఉంచి తిప్పుతూ, అక్షరాలు బాగా తేలే కోణం దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఆ కాలపు తెరల్లో రంగును సరిచేసే మరో పొర కూడా పోలరైజర్‌తో కలిసి ఉండవచ్చు. అది పోతే తెర పసుపుగానో నీలంగానో కనిపిస్తుంది, అక్షరాలు మాత్రం చదవగలరు. అద్దం వంగకుండా, చిట్లకుండా చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. చిట్లి ద్రవం చేతికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి.

ఇంకొక మాట. మీ నాన్నగారి ఫైళ్లు అందులో ఉంటే తెర కోసం ఆగకండి. హార్డ్ డిస్కు ఇంకా పనిచేసే స్థితిలో ఉండగానే దాన్ని లాప్‌టాప్‌నుంచి బయటికి తీసి, తగిన అడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు కాపీ చేయించుకోండి.

ప్రశ్న: ప్యానెల్ విప్పుతుండగా లోపలి గాజు గొట్టం పగిలింది. ప్రమాదమా? పాత ప్యానెళ్లను ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అందులో ఉన్నది కొద్దిపాటి పాదరసమే, కంగారుపడవద్దు, అయినా అజాగ్రత్త కూడా పనికిరాదు. కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, పిల్లలను వెంటబెట్టుకుని కొన్ని నిమిషాలు గదిలోనుంచి బయటికి వచ్చేయండి. తర్వాత చీపురు, వాక్యూమ్ క్లీనర్ వాడకుండా గట్టి అట్టముక్కతో ముక్కలు పోగుచేసి, మిగిలిన పొడిని అంటుకునే టేపుతో ఎత్తి, అన్నిటినీ గాజు సీసాలో వేసి మూత బిగించండి. తడి కాగితంతో నేల తుడిచి ఆ కాగితాన్ని కూడా సీసాలోనే వేయండి.

సీసాను, పాత ప్యానెల్‌ను చెత్తబండిలో గాని, పాత సామాన్లు కొనేవారికి గాని ఇవ్వకండి. రాగి కోసమో లోహపు చట్రం కోసమో వాళ్లు దాన్ని వట్టి చేతులతో పగలగొడతారు. మన దేశంలో 2023 ఏప్రిల్ 1నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2022 ప్రకారం ఇలాంటివి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్లకు చేరాలి. మీ పురపాలక సంఘం కార్యాలయంలోనో, పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపుల్లోనో సేకరణ కేంద్రం వివరాలు అడగండి. ప్యానెల్‌లో గొట్టం పగలకుండా ఉండి, అద్దం ఒక్కటే పోయి ఉంటే మాత్రం వెంటనే ఇచ్చేయకండి. చీటీ మీద నంబరు రాసి పెట్టుకుని, అదే మోడల్ వాడుతున్నవారెవరైనా దీపం కోసం వెతుకుతున్నారేమో ముందు కనుక్కోండి.